మధూచ్ఛిష్టం: తేనె పిండగా మిగిలిన మైనానికి తెలుగునాట చరిత్ర

ప్రస్తావన

వస్తు సంస్కృతి చరిత్రకు ఆధారాలు సాధారణంగా వస్తువులే. కుండ పెంకు, రాగి రేకు, రాతి పనిముట్టు, ఇటుక గోడ - ఇవి మిగిలి ఉంటాయి గనుక వీటి చరిత్ర రాయగలుగుతున్నాము. మైనం సంగతి వేరు. విగ్రహానికి అచ్చు అయిన మైనం కరిగి బయటికి పోతేగాని విగ్రహం తయారు కాదు. అద్దకపు బట్టకు అడ్డుగా నిలిచిన మైనాన్ని వేడినీటిలో ఉడికించి తీసివేస్తేగాని బట్ట పూర్తికాదు. లేపనంలోని మైనం చర్మంలో ఇంకిపోతుంది. నుదుటి కుంకుమ కింద రాసినది సాయంత్రానికి చెరిగిపోతుంది. పని ముగిసేసరికి కనబడకుండా పోవడమే మైనం స్వభావం. అందువల్ల కంచు విగ్రహాల గురించి, కలంకారీ వస్త్రాల గురించి, వీణల గురించి విస్తారంగా పరిశోధన జరిగినా వాటన్నిటికీ ఆధారమైన మైనం ఒక విషయంగా మన దృష్టికి అంతగా రాలేదు.

తేనె పిండగా మిగిలిన ఈ పదార్థం తెలుగునాట ఇంటిలోను, పనివాని చేతిలోను ఏయే అవసరాలు తీర్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వస్తువు దొరకనప్పుడు దాని పేరు, తయారీ విధానాలను చెప్పిన గ్రంథాలు, వాడుకలో నిలిచిన అలవాట్లు, చట్టాలలో దానికిచ్చిన చోటు - ఈ నాలుగే ఆధారాలు. పల్నాడు జిల్లాలోని అచ్చంపేట పరిసరాలను కేంద్రంగా తీసుకొని, అవసరమైన చోట కృష్ణానది రెండు గట్ల మీదుగా ఈ పరిశీలన సాగుతుంది.

పేరు చెప్పే చరిత్ర

అమరకోశం వైశ్యవర్గంలో తేనె పేర్లను చెప్పిన వెంటనే మైనానికి మధూచ్ఛిష్టము, సిక్థకము అనే రెండు పర్యాయపదాలను ఇస్తుంది. వైశ్యవర్గంలో చోటు దొరకడంలోనే ఒక సూచన ఉంది. మైనం అప్పటికే సరుకు. వనౌషధి వర్గంలోనో, కీటకాలను చెప్పే సింహాది వర్గంలోనో కాక, వర్తకుని చేతిలోని వస్తువుల నడుమ దానిని నిఘంటుకారుడు నిలిపాడు.

ఇక పదాల అర్థం. మధూచ్ఛిష్టమంటే మధువు యొక్క ఉచ్ఛిష్టం, అంటే తేనె తీయగా మిగిలిన ఎంగిలి. సిక్థమనే మాటకు మైనమనే అర్థంతో పాటు వార్చిన అన్నమనీ, అన్నపు ముద్ద అనీ అర్థాలున్నాయి. రెండు పేర్లూ భోజనంతో ముడిపడినవే. ఒకటి తిన్న తరువాత మిగిలినది, మరొకటి చేతిలో ముద్దగా పట్టినది. వేడి తగిలి మెత్తబడిన మైనాన్ని చేతితో పిసికి ముద్ద చేసిన మనిషికి అన్నపు ముద్ద గుర్తుకు రావడం సహజమే. ఈ పేర్లు పుట్టిన చోటు వంటిల్లని అనుకోవడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

తెలుగులో వాడుక మాట మైనము. సంస్కృతంలో మైనానికి మదనమనే పేరు కూడా ఉంది. అది ప్రాకృతంలో 'మయణ'గా మారింది. మరాఠీ 'మేణ', హిందీ 'మైన', తెలుగు 'మైనము' ఆ ప్రాకృత రూపం నుంచి వచ్చినవే. అంటే పండితుల మధూచ్ఛిష్టం గ్రంథాలలో నిలవగా, జనం నోట నలిగిన ప్రాకృతపు మాట ఇంటికి చేరింది. ఎంగిలి అనే భావం మధూచ్ఛిష్టంలో ఉంది, మైనంలో లేదు. దాని స్థానంలో వాడుక భాష మెత్తదనాన్ని చేర్చుకుంది. మనసు మైనంలా కరిగిందనడం, ఎట్లా వంచితే అట్లా వంగేవాణ్ణి మైనపు ముద్ద అనడం మనకు పరిచితమే.

ఉచ్ఛిష్టం ధర్మశాస్త్ర దృష్టిలో అశుచి. అయినా ఈ ఉచ్ఛిష్టం దేవతామూర్తి తయారీలోను, సుమంగళి నుదుటిమీద, గాయపు మందులోను చేరింది. దూడ తాగగా మిగిలిన పాలు, శివుని తలనుంచి జారిన గంగ, ఈగలు కక్కిన తేనె, పురుగు చావగా వచ్చిన పట్టు - ఇవి పుట్టుకచేత ఎటువంటివైనా పవిత్రాలేనని ఒక ప్రసిద్ధ సంస్కృత శ్లోకం చమత్కరిస్తుంది. తేనెకు దొరికిన ఆ మినహాయింపు దాని ఎంగిలికి కూడా ఆచరణలో దొరికింది. ఉపయోగం ఎక్కువైన చోట శుచి నియమం సడలిందనడానికి మధూచ్ఛిష్టం మంచి ఉదాహరణ.

రెండు అచ్చంపేటలు

తెలుగునేలమీద అచ్చంపేట పేరుతో ప్రసిద్ధమైన ఊళ్ళు రెండున్నాయి. ఒకటి కృష్ణకు ఉత్తరాన నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాదు పీఠభూమి అంచున ఉంది. అది నల్లమలకు వాకిలి. రెండవది కృష్ణకు దక్షిణపు గట్టున, 2022లో గుంటూరు జిల్లానుంచి విడదీసి ఏర్పరచిన పల్నాడు జిల్లాలో ఉంది. దీనికి ఒక పక్క అమరావతి, మరొక పక్క బెల్లంకొండ, ఉత్తరాన కృష్ణ. పేరు ఒకటే అయినా మైనం చరిత్రలో ఈ రెండు ఊళ్ళ పరిసరాలకు రెండు పాత్రలు. మొదటిది మైనం పుట్టిన సీమ. రెండవది మైనంతో పనిచేసిన సీమ.

నల్లమల చెంచుల తేనె సేకరణను క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రచురించిన చెంచుల గ్రంథం లోకానికి తెలిపింది. పల్నాటి పడమటి భాగంలో, మాచర్ల వైపు నల్లమల అంచులలోను చెంచులున్నారు. వారి మాతృభాష తెలుగు. కొండ చరియలకు, ఎత్తైన చెట్ల కొమ్మలకు వేలాడే పెద్ద పట్టు కొండతేనెటీగది. దాని తేనెను పెరతేనె అంటారు. పొదల్లో చిన్న కొమ్మకు ఒంటి పెరగా పట్టేది జుంటితేనె. పుట్టలలో, చెట్టు తొర్రలలో పలు పెరలుగా పెట్టేది పుట్టతేనె. మైనం ఎక్కువగా వచ్చేది మొదటిదాని నుంచి. ఒకే పెద్ద పెరను కోసి, తేనె ఉన్న భాగాన్ని పిండితే మిగిలే పిప్పి అంతా మైనానికి పనికివస్తుంది. తాడుమీద లోయలోకి దిగి, పొగ పెట్టి, ఈగల కాట్లకు ఓర్చి పెరను కోసే ఆ మనిషి ప్రాణాపాయమే తేనెకూ మైనానికీ కూడా మొదటి ఖర్చు.

పిప్పిని మైనం చేయడం తేలికైన పనేగాని ఓపిక కావాలి. పిండిన పెరను ముందుగా చల్లని నీటిలో కడిగి తేనె జిగట పోగొడతారు. తరువాత నీళ్ళు పోసిన పాత్రలో వేసి సన్నని సెగమీద కాస్తారు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. నీటికంటె తేలిక గనుక పైకి తేలుతుంది. నీళ్ళు లేకుండా నేరుగా మంటమీద పెడితే మాడిపోతుంది, అంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఇనుప పాత్రలో కాస్తే రంగు నల్లబడుతుంది. కరిగినదాన్ని పలుచని గుడ్డలో వడకట్టి చల్లారనిస్తే నీటిమీద బిళ్ళగా గడ్డకడుతుంది. అడుగున అంటిన మడ్డిని గీకివేసి బిళ్ళను మళ్ళీ ఒకసారి కాస్తే శుద్ధమైన మైనం వస్తుంది. పలుచని రేకులుగా చేసి ఎండలో పెడితే పసుపు రంగు విరిగి తెల్లబడుతుంది. గుడ్డలో మిగిలిన పిప్పి కూడా వృథా కాదు. మైనం అంటిన ఆ పిప్పి పొయ్యి రాజేయడానికి బాగా పనికివస్తుంది. తేనెకు మిగులు మైనం, మైనానికి మిగులు ఈ పిప్పి.

ఇంటి వాడుకలు

నేటి పాఠకునికి మైనమనగానే వెలుగు గుర్తుకు వస్తుంది. తెలుగింటి దీపం మాత్రం నూనె దీపం. ఆముదమో, నువ్వుల నూనెయో, ఆవునెయ్యో వత్తిని వెలిగించింది. క్యాండిల్‌కు తెలుగులో స్థిరపడిన మాట కొవ్వొత్తి. కొవ్వు, వత్తి కలిసిన ఆ సమాసంలో మైనం లేదు. మైనపు వత్తి అనే మాట ఉన్నా కొవ్వొత్తికే వ్యాప్తి ఎక్కువ. కాబట్టి మన ఇళ్ళలో మైనం పాత్రను దీపం దగ్గర వెదకడం పొరపాటు. దానిని వెదకవలసిన చోటు కుంకుమ భరిణె.

పొడి కుంకుమ నుదుట నిలవదు. చెమటకు కారుతుంది, గాలికి రాలుతుంది. కొద్దిగా నూనె కలిపి మెత్తబరచిన మైనాన్ని ముందుగా నుదుటిమీద గుండ్రంగా అద్ది, దానిమీద కుంకుమ పెట్టుకుంటే బొట్టు రోజంతా చెదరదు. మూడు తరాల క్రితం వరకు తెలుగింటి అలంకరణ సామగ్రిలో అద్దం, దువ్వెన, కాటుక, కుంకుమలతో పాటు మైనం చిన్న డబ్బీ తప్పనిసరిగా ఉండేది. కొన్ని భరిణెలలో దానికి వేరే అర ఉండేది. పసుపు కుంకుమల గురించి, వాటికున్న సాంఘికార్థం గురించి సాహిత్యం ఎంతో చెప్పింది. ఆ కుంకుమను నిలబెట్టిన మైనం గురించి చెప్పినది స్వల్పం. భర్త పోయిన స్త్రీ నుదుటినుంచి కుంకుమ తొలగినప్పుడు భరిణెలోని మైనం కూడా ఆమెకు అక్కరలేని వస్తువైంది. ఈ ఎంగిలి ఎవరి చేతిలో ఉండాలో, ఎవరి చేతిలో ఉండరాదో కూడా సమాజం నిర్ణయించింది. అంటించుకునే బొట్టుబిళ్ళలు వచ్చాక ఈ అలవాటు దాదాపు పోయింది. పోయిన తరువాత దానిని గుర్తుచేసే వస్తువు ఒక ఖాళీ అర మాత్రమే.

రెండవ వాడుక దారం. కుట్టే ముందు దారాన్ని మైనపు ముద్దమీదుగా లాగితే పోగులు అణిగి, దారం చిక్కుపడకుండా, తడికి చీకిపోకుండా ఉంటుంది. చెప్పులు కుట్టేవారికి, తోలు సంచులు, గుర్రపు జీనులు కుట్టేవారికి ఇది తప్పని పని. ఇంట్లో బొంత కుట్టే ముసలమ్మకు కూడా ఇదే ఉపాయం. మూడవది తడిని ఆపడం. మైనం పట్టించిన గుడ్డను మైనపు గుడ్డ అన్నాము. రబ్బరు, ప్లాస్టిక్ షీట్లు లేని రోజుల్లో వాన తడినుంచి వస్తువును కాపాడే గుడ్డ అదే. తరువాత నూనె పూసిన గుడ్డకు, పసిపిల్లల కింద పరిచే రబ్బరు గుడ్డకు కూడా ఆ పేరే అంటుకుంది. పదార్థం మారినా పేరు నిలిచిన సందర్భాలలో ఇది ఒకటి.

నాలుగవది ఇనుము, కొయ్య. వాడకుండా పెట్టిన కత్తికి, కొడవలికి పలుచగా మైనం పూస్తే తుప్పు పట్టదు. బిగుసుకున్న తలుపు అంచుకు, పెట్టె సొరుగుకు రాస్తే సులువుగా కదులుతుంది. నూనెలో కరిగించి కొయ్య సామానుకు రుద్దితే మెరుగు వస్తుంది. కంసాలి పుల్ల కొనకు మైనం అంటించి దానితో చిన్న రాళ్ళను ఎత్తి నగ గూళ్ళలో పొదుగుతాడు. పనిబల్లమీద రాలిన బంగారపు రజనును మైనపు ముద్దతో అద్ది తీస్తాడు. ఆ ముద్దను కరిగిస్తే రజను దక్కుతుంది, మైనమూ దక్కుతుంది.

మందులో మైనం

పగిలిన మడమలకు, పెదవులకు మైనం నూనెలో కరిగించి రాయడం తెలుగిళ్ళలో నేటికీ కనిపిస్తుంది. ఈ గృహవైద్యం వెనుక శాస్త్రవైద్యం ఉంది. ఆయుర్వేదంలో సిక్థతైలమంటే మైనాన్ని నువ్వుల నూనెలో కరిగించి చేసిన లేపనం. మధూచ్ఛిష్టం, మంజిష్ఠ, సర్జరసం, సారిబ కలిపి కాచే పిండతైలాన్ని వాతరక్తానికి చెప్పారు. వ్రణాలకు వాడే జాత్యాది యోగాలలోనూ సిక్థకం ఉంది.

ఈ యోగాలలో మైనం చేసే పని గమనించదగింది. నూనె ఒంటిమీద నిలవదు, జారిపోతుంది. మైనం కలిస్తే చిక్కబడి గాయంమీద పొరగా నిలుస్తుంది. లోపలి తేమను పోనివ్వదు, బయటి దుమ్మును రానివ్వదు. కుంకుమను నుదుట నిలిపినది, మందును పుండుమీద నిలిపినది ఒకే గుణం. ఇల్లాలి అనుభవం, వైద్యుని గ్రంథం ఒకే చోట కలిశాయి. వీటిలో ఏది ముందో తేల్చడం కష్టం. సిక్థమనే మాట పుట్టుకను బట్టి చూస్తే, ఇంటి అనుభవమే గ్రంథంలోకి వెళ్ళిందనుకోవడం సమంజసం.

మైనం కరిగిన చోట మూర్తి

పల్నాటి అచ్చంపేటకు పొరుగున ఉన్న అమరావతిలో దొరికిన లోహపు బుద్ధమూర్తులు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి. పూర్వపు గుంటూరు జిల్లాలోని బుద్ధాం గ్రామంలో 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో బయటపడిన బుద్ధమూర్తులు లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. గ్రంథాలలో ఆ గ్రామం పేరు బుద్ధపాడుగా కనిపిస్తుంది. కృష్ణా ముఖద్వార ప్రాంతంలో లోహపు పోతపని ఎంత ఉన్నత స్థాయికి చేరిందో ఈ మూర్తులు చెబుతాయి. ఇటువంటి మూర్తులను పోసిన పద్ధతికి శిల్పశాస్త్రం పెట్టిన పేరు మధూచ్ఛిష్ట విధానం.

ఈ విధానాన్ని వివరించిన గ్రంథాలలో ముఖ్యమైనది కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసం. దీనికే అభిలషితార్థ చింతామణి అని పేరు. ముందుగా మైనంతో మూర్తిని సర్వాంగ సుందరంగా చేయాలి. కాల్చిన ఊక, సన్నగా తరిగిన దూది, కొద్దిపాటి ఉప్పు కలిపి మెత్తగా నూరిన మట్టిని దానిమీద పొరలు పొరలుగా పూయాలి. ప్రతి పొరా నీడన ఆరాలి. ఎండ తగిలితే లోపలి మైనం మెత్తబడి రూపం చెడుతుంది. మట్టి పట్టిన తరువాత వేడి చేస్తే మైనం కరిగి కాలువగుండా బయటికి పోతుంది. ఏర్పడిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడితే మూర్తి వస్తుంది.

ఈ వివరణలో ఒక ముఖ్యాంశం తూకం. మట్టి పూయడానికి ముందే మైనపు మూర్తిని తూచాలి. ఏ లోహానికి మైనం బరువుకు ఎన్ని రెట్లు కావాలో గ్రంథం చెబుతుంది. లోహాన్ని బట్టి ఆ రెట్టింపు మారుతుంది. సాంద్రత అనే భావనకు మాట లేని కాలంలో శిల్పి దానిని మైనపు తూకంతో లెక్కించాడు. బంగారపు మూర్తి చేయించే రాజుకు ఎంత బంగారం పడుతుందో, శిల్పి ఎంత తీసుకున్నాడో లెక్క చెప్పినది కూడా ఆ మైనమే. కరిగి పోవలసిన పదార్థం నిలిచి ఉండబోయే పదార్థానికి కొలమానమైంది.

ఈ పని నేటికీ బతికి ఉన్న చోటు ఆదిలాబాదు ప్రాంతం. అక్కడి ఓజ కళాకారులు మైనాన్ని సన్నని తీగలుగా చేసి, మట్టి అచ్చుమీద చుట్టి, ఇత్తడి మూర్తులు, గంటలు, దీపాలు పోస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇత్తడి గంటమీద కనిపించే తాడు పేనినట్లుండే అల్లిక నిజానికి మైనపు తీగ గుర్తు. కనబడకుండా పోయే మైనం తన వేలిముద్ర వదిలిన అరుదైన చోట్లలో ఇది ఒకటి.

నీలితొట్టెలో మైనం

కృష్ణ సముద్రంలో కలిసే చోట మరొక వృత్తి మైనంమీద నిలిచింది. 17వ శతాబ్దిలో మచిలీపట్నం రేవు అద్దకపు బట్టల ఎగుమతికి పేరుపొందింది. పెటపోలి అని యూరోపియన్లు రాసిన నిజాంపట్నం పరిసరాలలో ఎర్రరంగునిచ్చే చిరువేరు ప్రసిద్ధం. ఎరుపు, నలుపులను కలంతో గీయడానికి వీలుంది. పటిక, ఇనుపరసం బట్టకు పట్టించి చిరువేరుతో ఉడికిస్తే ఆయా చోట్ల ఆయా రంగులు తేలుతాయి. నీలం సంగతి అట్లా కాదు. నీలిమందు తొట్టెలో కరిగిన స్థితిలో ఉండి, గాలి తగిలిన తరువాతనే నీలంగా మారుతుంది. కాబట్టి బట్ట మొత్తాన్ని తొట్టెలో ముంచవలసిందే. నీలం పడకూడని చోట్ల అడ్డు కావాలి. ఆ అడ్డు మైనం.

ఈ పనిని దగ్గరగా చూసి రాసినవారిలో ముఖ్యుడు జెస్యూట్ ఫాదర్ గాస్టన్ లారెన్ కోర్దూ. కోరమండల్ తీరపు బట్టల చిత్రణ గురించి ఆయన 1742లో రాసిన లేఖ ఈ రంగంలో మౌలికమైన ఆధారం. తెలుగు పరిశోధకులకు ఈయన మరొక విధంగా కూడా పరిచితుడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చినవాడు, సంస్కృతానికి యూరప్ భాషలకు గల బంధుత్వాన్ని 1767 నాటికే గుర్తించినవాడు ఈయనే. పనివారి నోటినుంచి మాటలు సేకరించిన చెవి, వారి చేతినుంచి విద్యను గమనించిన కన్ను ఒకే మనిషివి కావడం మన అదృష్టం.

ఆనాటి విధానం స్థూలంగా ఇది. బట్టను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరబెట్టాలి. రేఖలు గీసి మొదటి ఎరుపు, నలుపు పట్టించాలి. తరువాత నీలం, ఆకుపచ్చ కావలసిన చోట్లు వదిలి తక్కిన బట్ట అంతా కరిగించిన మైనం పూయాలి. ఇందుకు ఇనుప ముక్కు గల కలాన్ని వాడేవారు. దానికి చుట్టిన వెంట్రుకల ఉండ కరిగిన మైనాన్ని పట్టి ఉంచి, వేలితో నొక్కినకొద్దీ కిందికి వదిలేది. మైనం బట్టలోకి ఇంకడానికి ఎండలో పరిచేవారు. నీలితొట్టెలో ముంచి తీశాక మరిగే నీటిలో వేస్తే మైనం విడిపోయి పైకి తేలుతుంది. చల్లారితే మళ్ళీ బిళ్ళ కడుతుంది, మళ్ళీ వాడుకోవచ్చు. ఎర్రపువ్వులో కనిపించే వెంట్రుకవాసి తెల్లగీతలు కూడా మైనంతోనే గీసినవి. పటిక పూయడానికి ముందు మైనంతో గీత గీస్తే ఆ గీతమీద ఎరుపు పట్టదు. యూరప్ మ్యూజియాలలో నేడు మనం మెచ్చుకునే ఆ తెల్లగీత రంగు కాదు. ఒకప్పుడు అక్కడ మైనం ఉండేదని చెప్పే ఖాళీ.

నేటి మచిలీపట్నం పని ప్రధానంగా కొయ్య అచ్చులది. శ్రీకాళహస్తిది కలంపని. రెండు చోట్లా మైనపు నీలిపని వెనుకబడింది. కలంకారీ అనే పేరులో కలం మిగిలింది. ఆ కలాలలో ఒకటి మైనపు కలమన్న సంగతి మరుగైంది.

నాదాన్ని సరిచేసిన ముద్ద

పల్నాడు జిల్లాలోని చిలకలూరిపేట నాదస్వర విద్యకు పేరుపడ్డ ఊరు. షేక్ ఆదం సాహెబ్ అక్కడి విద్వాంసుడు. షేక్ చినమౌలానా ఆయన వద్ద శిష్యరికం చేసినవాడు. నాదస్వరానికి వేళ్ళు మూసి తెరిచే రంధ్రాలు ఏడు, వాటి దిగువన మరి ఐదు. ఈ దిగువ రంధ్రాలను మైనంతో కొంతగానో పూర్తిగానో మూసి శ్రుతిని సరిచేసుకుంటారు. బొబ్బిలిలోను, నూజివీడులోను తయారయ్యే వీణకు మైనం మరింత అవసరం. దండిమీద నల్లపొడి కలిపిన మైనాన్ని గట్టుగా పోసి, అందులో 24 మెట్లను నాటుతారు. దీనినే మేళం కట్టడమంటారు. మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరపడానికి వీలిచ్చే మెత్తదనం, జరిపిన చోట కదలకుండా పట్టి ఉంచే బిగువు - ఈ రెండూ ఒకే పదార్థంలో ఉండాలి. ఎండకు మైనం మెత్తబడి స్వరస్థానం చెదిరితే వీణకు మళ్ళీ మేళం కట్టవలసిందే. కర్ణాటక సంగీతంలో శ్రుతిశుద్ధి గురించి జరిగే చర్చ అంతా ఒక అర్థంలో ఈ ముద్దమీద ఆనుకొని ఉంది.

చట్టంలో మైనం, బజారులో పారఫిన్

బ్రిటిష్ పాలనలో అడవి ప్రభుత్వపు ఆస్తి అయింది. మద్రాసు రాజధానికి 1882లో అటవీ చట్టం వచ్చింది. 1927 నాటి భారత అటవీ చట్టం అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో తేనెను, మైనాన్ని పక్కపక్కన పేర్కొంది. అమరకోశకారుడు సరుకుగా చూసిన వస్తువును చట్టం సర్కారు సొత్తుగా చూసింది. తాడుమీద దిగినవాని హక్కు అనుమతిగా మారింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం జాబితాలో తేనెతో పాటు మైనాన్ని కూడా పేరుపెట్టి చెప్పి, దానిమీద సేకరించే అటవీవాసులకు యాజమాన్య హక్కును గుర్తించింది. అయితే 2013-14లో కేంద్రం చిన్నతరహా అటవీ ఫలసాయానికి కనీస మద్దతు ధర ప్రకటించినప్పుడు తొలి జాబితాలో అడవితేనె చేరింది, మైనం చేరలేదు. హక్కు ఇచ్చిన చట్టానికి కనిపించిన మైనం ధర కట్టిన జాబితాకు కనిపించలేదు. తేనెకు కూలి దక్కిన మనిషికి మైనం ఉచితంగా పోయే ఎంగిలిగా మిగిలే ప్రమాదం ఇక్కడ ఉంది.

ఈలోగా బజారులో మరొక మార్పు వచ్చింది. 19వ శతాబ్దిలో యూరప్‌లో ఖనిజపు నూనెనుంచి పారఫిన్ తీయడం మొదలైంది. 1901లో అస్సాంలోని డిగ్బోయ్ శుద్ధి కర్మాగారం వచ్చాక ఆ మైనం మనదేశంలోనూ తయారైంది. చవక, తెల్లన, వాసన లేనిది, కావలసినంత దొరికేది. తెలుగు దానికి కొత్త పేరు పెట్టలేదు, పాత పేరే ఇచ్చింది. అందుచేత నేడు మైనమంటే పారఫిన్, అసలైన మైనానికి 'తేనెమైనం' అని విశేషణం చేర్చవలసి వస్తున్నది. అసలుకు విశేషణం, నకలుకు ఉత్తపేరు - భాషలో ఇట్లా జరిగినప్పుడల్లా బజారులో యజమాని మారాడని గ్రహించవచ్చు.

ఈ రెండూ ఒకటి కావు. పారఫిన్ పెళుసు, పట్టు తక్కువ. వేలివేడికి సాగి, చల్లారగానే బిగిసే గుణం తేనెమైనానిది. దారానికి, లేపనానికి, వీణ మేళానికి ఆ గుణమే ప్రాణం. పెట్టెలలో తేనెటీగల పెంపకం వచ్చాక తేనె తీసే యంత్రం పెరను చెడగొట్టకుండా తేనెను మాత్రమే తీస్తున్నది. తేనె గదులమీద ఈగలు కట్టిన మూతల పొరను కోసినప్పుడు వచ్చేదే అక్కడ మిగులు మైనం. దానిలో కొంత కొత్త పెరలకు పునాది రేకులుగా మళ్ళీ పెట్టెలోకే పోతుంది. అందువల్ల పెరను మొత్తంగా కోసి పిండే అడవి సేకరణకు మైనం విషయంలో ఇప్పటికీ ప్రత్యేకత ఉంది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. మధూచ్ఛిష్టం, సిక్థకం అనే పేర్లు మైనాన్ని భోజనపు మాటలతో గుర్తించిన తొలి దశను చూపుతున్నాయి. కుంకుమ, దారం, లేపనం వంటి ఇంటి వాడుకలకూ పోతపని, అద్దకం, వీణ వంటి వృత్తుల వాడుకలకూ ఆధారం ఒకటే: తాకిన దాన్ని పట్టి ఉంచడం, అవసరం తీరగానే తొలగిపోవడం. వాడిన మైనాన్ని తిరిగి కరిగించి వాడుకోగలగడం వల్ల 'మిగులు' అనే మాటకు ఈ సంప్రదాయంలో వ్యర్థమనే అర్థం రాలేదు. ఆ అర్థం పారఫిన్‌తో, ధరల జాబితాలతో వచ్చింది.

ఇకముందు చేయవలసిన పని ఒకటి స్పష్టంగా ఉంది. మూర్తిని శిల్పి పేరుతో, వస్త్రాన్ని రేవు పేరుతో, వీణను ఊరి పేరుతో గుర్తించే మన చరిత్రరచనలో పెరను కోసిన చెంచుకు చోటు లేదు. వృత్తిపదకోశాలలో మైనానికి సంబంధించిన మాటలు ఆయా వృత్తుల కింద విడివిడిగా చేరుతాయేగాని ఒకచోటికి రావు. కంసాలి, చెప్పులు కుట్టేవాడు, వీణ చేసేవాడు, తేనె పిండేవాడు, కుంకుమ పెట్టుకున్న ముసలమ్మ - వీరి మాటలను ఒకే శీర్షిక కింద సేకరించాలి. ఆ అమ్మల తరం దాటితే బొట్టు మైనం కలిపిన పాళ్ళు చెప్పేవారు ఉండరు. మైనం తనకుతానుగా ఆధారం మిగల్చదు గనుక, దానిని వాడినవారి నోటిమాట ఉండగానే రాసి పెట్టుకోవడం మనపని.